ఎత్తైన చెట్ల వరుస ఉన్నా అడవి పిట్టలు ఎందుకు రావడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఒకసారి చెబుతాను. నగరం మధ్యలో సుమారు 12 హెక్టార్ల పాత వనం ఉంది. పొదల్లోనూ కొమ్మల్లోనూ పురుగులు ఏరుకుని బతికే చిన్న పిట్టలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. దానికి 900 మీటర్ల దూరంలో ఉన్న 3 హెక్టార్ల పార్కులో మాత్రం అవి లేవు. రెండింటినీ కలపాలన్న ఉద్దేశంతో ఆరేళ్ల కిందట రోడ్డు పొడవునా ఒక వరుస చెట్లు నాటారు. చెట్లు బాగా పెరిగినా పార్కులోకి కాకులు, గోరింకలు, పావురాలు తప్ప మరేవీ రాలేదు. ఇలా రెండు వనాలను మొక్కల దారితో కలిపే కారిడార్ అనే ఆలోచనే తప్పా, వెడల్పు చాలలేదా, గూడు పెట్టెలు కడితే వస్తాయా అని మీరు అడిగారు.

మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. ఆలోచన తప్పు కాదు, మీ శ్రమా వృథా కాలేదు. కాని కారిడార్‌లో పైన ఉండవలసిన భాగం మాత్రమే ఇప్పుడు మీ దగ్గర ఉంది. మీరు పేర్కొన్న రకం పిట్టలు మేత వెతుక్కునేది, దాక్కునేది, ఒకచోటి నుంచి మరోచోటికి కదిలేది చాలావరకు నేల నుంచి మూడు నాలుగు మీటర్ల ఎత్తు లోపే. ఆ ఎత్తులో మీ రోడ్డు పొడవునా ఏముందో ఒకసారి చూడండి. నున్నటి బోదెలు, కత్తిరించిన గడ్డి, ప్రహరీ గోడలు, ఆగి ఉన్న వాహనాలు కనిపిస్తాయి. పైనుంచి తీసిన చిత్రంలో పచ్చని గీత ఎడతెగకుండా ఉన్నా, ఆ పిట్ట తిరిగే ఎత్తులో వనం అంచు నుంచి పార్కు గేటు దాకా ఉన్నది ఖాళీయే.

రెక్కలున్న ప్రాణికి 900 మీటర్లు ఒక లెక్కా అన్న సందేహం సహజం. యూరప్‌లో గోల్డ్‌క్రెస్ట్ అనే పిట్ట బరువు 5, 6 గ్రాములే, అయినా శరదృతువులో అది ఉత్తర సముద్రం దాటి బ్రిటన్ తీరానికి చేరుతుంది. కాబట్టి ఒళ్లు చిన్నదవడం ఒక్కటే అడ్డంకి అనలేము. అయితే వలస పిట్ట చేసే ప్రయాణం వేరు. అది ఎక్కువగా రాత్రివేళ, బాగా ఎత్తున, ఆ ప్రయాణం కోసమే ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుని ఎగురుతుంది. ఏడాది పొడవునా ఒకే వనంలో ఉండే పిట్ట అలా కాదు. దాని పిల్ల ఎదిగి, తల్లిదండ్రుల హద్దు విడిచి, తనకంటూ ఒక చోటు వెతుక్కుంటూ పగటిపూట కొమ్మ నుంచి కొమ్మకు, పొద నుంచి పొదకు జరుగుతుంది. ఖాళీ స్థలం అంచుకు వచ్చి ఆగినప్పుడు, దారిలో డేగ తగిలితే దూరడానికి చోటు ఉందా లేదా అన్నదే దానికి అన్నిటికంటే ముఖ్యమైన విషయం. అంచున ఉన్న చివరి కొమ్మ మీదికి వచ్చి, అటూ ఇటూ తల తిప్పి చూసి, మళ్లీ వెనక్కి లోపలికి వెళ్లిపోయే పిల్ల పిట్టలను నేను ఎన్నో ఉదయాలు గమనించాను. ఎగరడానికి శక్తి లేక అవి ఆగలేదు.

శక్తి కూడా చాలని జాతులు లేకపోలేదు. పనామా కాలువ నిర్మాణంలో భాగంగా ఏర్పడిన గాటూన్ సరస్సు మీద జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. అడవి పిట్టలను పడవలో తీసుకువెళ్లి, ఒడ్డుకు 100 నుంచి 300 మీటర్ల దూరంలో విడిచిపెట్టి చూశారు. కొన్ని జాతులు తేలికగా ఒడ్డుకు చేరాయి. దట్టమైన అడవి లోపలే జీవితమంతా గడిపే కొన్ని జాతులు మాత్రం 100 మీటర్లు కూడా దాటలేకపోయాయి. అంటే ఒక నగరంలోని రెండు వనాల మధ్య దూరం అన్ని పిట్టలకూ ఒకటే దూరం కాదు. కాకికి అది ఒక ఎగురు, పొద పిట్టకు సముద్రం.

దారిలో చాటు ఉంటే పరిస్థితి ఎంత మారుతుందో కెనడాలో ఆండ్రే డెరోషే, సూజన్ హానన్ అనే పరిశోధకులు 1997లో చక్కగా చూపించారు. అక్కడి చికడీ అనే చిన్న పిట్ట శత్రువును చూసినప్పుడు తోటి పిట్టలను పిలిచే అరుపును రికార్డు చేసి, ఆ ధ్వని వినిపిస్తూ అడవి పిట్టలు దాని దగ్గరికి ఏ దారిన వస్తాయో గమనించారు. 50 మీటర్ల ఖాళీ మీదుగా వచ్చే అవకాశం కంటే 50 మీటర్ల చెట్ల మధ్యగా వచ్చే అవకాశం రెండింతలు ఉంది. అదే దూరం 100 మీటర్లైతే తేడా ఎనిమిదింతలైంది. చెట్ల గుండా పోయే దారి మూడింతలు పొడవైనా, ఖాళీలోని అడ్డదారి వదిలి ఎక్కువ పిట్టలు ఆ చుట్టుదారినే ఎంచుకున్నాయి. దూరం రెట్టింపైనప్పుడు వెనకాడడం నాలుగింతలు పెరిగిందన్న ఆ చిన్న విషయాన్ని మీరు ప్రత్యేకంగా గమనించాలని నా కోరిక. ఎందుకంటే మీ 900 మీటర్లలో ఒక పెద్ద ఖాళీని రెండు చిన్న ఖాళీలుగా విడగొట్టినా లాభం చాలా ఉంటుందని దీని భావం.

నగరంలోనే జరిగిన పరిశీలన కావాలంటే కాల్గరీ నగరంలో మేరీ ట్రెంబ్లే, కొలీన్ సెయింట్ క్లెయిర్ చేసినది ఉంది. 2009లో వచ్చిన ఆ పరిశోధనలో రోడ్లు, రైలు మార్గాలు, నదుల మీదుగా చిన్న పిట్టలను ఇదే పద్ధతిలో పిలిచి చూశారు. దాటుతాయా లేదా అన్నదాన్ని అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించింది రెండు పక్కల చెట్టూచేమల మధ్య ఉన్న ఖాళీయే. ఆ ఖాళీ 30 మీటర్లు మించిన కొద్దీ దాటడం బాగా తగ్గింది. వాహనాల రద్దీ ప్రభావం దాని తరువాతిదే. రోడ్డు వేయకుండా ఆపడం మన చేతిలో ఉండకపోవచ్చు, కాని రోడ్డుకు రెండు వైపులా పొదలను అంచు దాకా పెంచి ఖాళీని తగ్గించడం చాలా చోట్ల సాధ్యమే కనుక ఈ ఫలితం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

అందువల్ల వెడల్పు ఎంత ఉండాలన్న ప్రశ్న కంటే ముందు మీరు ఖాళీల లెక్క తీయాలి. ఒక ఉదయం పెద్ద వనం అంచు నుంచి బయలుదేరి పార్కు దాకా నడవండి. పైన కొమ్మల వైపు చూడకండి. మీ నడుము ఎత్తు నుంచి తల ఎత్తు వరకు ఉన్న మొక్కలను మాత్రమే చూడండి. పిడికెడు పిట్ట బయటికి కనిపించకుండా దాక్కోగలిగిన గుబురు ఎక్కడ ఉంటే అక్కడ గుర్తు పెట్టుకుని, దాని నుంచి తరువాతి గుబురుకు ఎన్ని అడుగులు పడ్డాయో రాసుకోండి. ఇళ్ల కంచె మొక్కలు, గోడ మీదికి పాకిన తీగలు, కాలువ గట్టున ఎవరూ పట్టించుకోని పిచ్చి పొదలు, పాత బడి ఆవరణ మూలన ఉన్న గుబురు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. చాలా చోట్ల ఇలా నడిచినవారు తాము నాటిన వరుస కంటే, దానికి సమాంతరంగా ఇళ్ల వెనక సాగే మురుగు కాలువ గట్టే పిట్టలకు మెరుగైన దారి అని గ్రహించారు. మీ ఊళ్లో అలాంటి వాగో కాలువో రైలు కట్టో ఉంటే, కొత్త దారి వేయడం కంటే దాన్ని బాగుచేయడం మేలు. నీటి పక్కన సహజంగానే పొద పెరుగుతుంది, పురుగు ఉంటుంది, మనిషి తాకిడి తక్కువ.

లెక్క పూర్తయ్యాక 30 మీటర్లు దాటిన ఖాళీలన్నిటినీ పెద్దది మొదలు చిన్నది దాకా వరుసగా రాయండి. మీ పని అక్కడి నుంచి మొదలవుతుంది. దారి పొడవునా సమంగా మొక్కలు పంచడం మన అలవాటు. చూడ్డానికి అది న్యాయంగా కూడా ఉంటుంది. కాని గొలుసు తెగిన చోట అతకకుండా మిగతా కడియాలకు మెరుగు పెట్టినట్టవుతుంది. అన్నిటికంటే పెద్ద ఖాళీ సాధారణంగా ఒక కూడలో, వాహనాలు నిలిపే స్థలమో అయి ఉంటుంది. అక్కడ డివైడర్ మీద మూడు నాలుగు మీటర్ల వెడల్పున దట్టమైన పొదల దిమ్మ ఒకటి పెంచినా ఖాళీ రెండుగా చీలుతుంది. కూడళ్ల దగ్గర డ్రైవర్లకు చూపు అడ్డం రాకుండా మొక్కల ఎత్తు తక్కువ ఉండాలన్న నియమం ఉంటుంది కాబట్టి, పొదను కూడలికి కొంచెం ఎడంగా, దాటే దూరం తక్కువ ఉన్న చోట పెట్టడం మంచిది.

ఇక చెట్ల వరుస మాత్రమే ఉన్న దారి కాకులకు, గోరింకలకు ఎందుకు అనుకూలిస్తుందో చెప్పాలి. మాడ్రిడ్ నగరంలో పార్కులను కలిపే చెట్ల వీధులను ఎస్టెబాన్ ఫెర్నాండెజ్ జురిసిక్ పరిశీలించి 2000లో ఫలితాలు ప్రకటించారు. ఆ వీధులు కొన్ని పిట్టలకు నిజంగానే ఉపయోగపడ్డాయి. ముఖ్యంగా నేల మీద మేసి, చెట్ల మీదో తొర్రల్లోనో గూడు పెట్టే జాతులు వాటి వల్ల లాభపడ్డాయి. పొదలో మేసి పొదలో గూడు కట్టే పిట్టకు ఆ వీధిలో దొరికేది ఏముంది? ఎత్తైన చెట్టు, దాని కింద పొట్టిగా కత్తిరించిన గడ్డి అనే అమరిక నేల మీద నడిచి మేసే, పై కొమ్మ నుంచి నాలుగు దిక్కులా కాపలా కాసే గట్టి పిట్టలకు చక్కగా సరిపోతుంది. ఆ అమరికనే మనం పార్కు అని, అందమని, శుభ్రత అని పిలుచుకుంటున్నాము.

ఈ అమరిక ఎంత దూరం పోగలదో ఆస్ట్రేలియా అనుభవం చెబుతుంది. అక్కడ నాయిజీ మైనర్ అనే తేనె పిట్ట ఒకటుంది. అది ఆ దేశపు సొంత జాతి, బయటి నుంచి వచ్చింది కాదు. గుంపులుగా ఉంటూ తన హద్దులోకి వచ్చిన చిన్న పిట్టలన్నిటినీ తరిమేస్తుంది. అడవుల్ని ముక్కలు చేసి, అడుగు పొదలను తీసేసి, యూకలిప్టస్ చెట్లను పలచగా మిగిల్చిన చోటల్లా అది విపరీతంగా పెరిగింది. 2014లో ఆస్ట్రేలియా ప్రభుత్వం నాయిజీ మైనర్లు ఇతర పిట్టలను వాటి ఆవాసం నుంచి వెళ్లగొట్టడాన్ని జాతీయ చట్టం కింద ఒక ప్రధాన ముప్పుగా గుర్తించింది. అవి వనం అంచు నుంచి లోపలికి 150 మీటర్ల నుంచి 300 మీటర్లకు పైగా చొచ్చుకుపోతాయని క్లార్క్, ఓల్డ్‌లాండ్ 2007లో తేల్చారు. అంటే వాటి బెడద లేని నడిమి భాగం కాస్తయినా మిగలాలంటే కారిడార్ కనీసం 600 మీటర్ల వెడల్పు ఉండాలి. ఏ నగరం ఇవ్వగలదు అంత స్థలం? వెడల్పు ఇవ్వలేనప్పుడు దట్టం ఇవ్వాలన్నది అక్కడి వారే కనుక్కున్న దారి. ఈకల్లాంటి సన్నని ఆకులున్న తుమ్మ జాతి చెట్లు, అడుగున గుబురు పొదలు నాటిన చోట్ల నాయిజీ మైనర్లు తగ్గి, ఫెయిరీ రెన్ వంటి చిన్న పిట్టలకు చోటు దొరికింది. మీ దగ్గర దౌర్జన్యం చేసే పిట్ట వేరే కావచ్చు, లేదా పిల్లి కావచ్చు. దట్టమైన పొద మాత్రం ఎక్కడైనా బలహీనులకే మేలు చేస్తుంది.

వెడల్పు గురించి మీరు ఒక అంకె కోరారు. అన్ని చోట్లకూ వర్తించే అంకె ఇస్తే మిమ్మల్ని తప్పుదారి పట్టించినట్టవుతుంది. పిట్ట ఆ దారిలో కాపురం ఉండాలా, కేవలం దాటిపోవాలా అన్నదాన్ని బట్టి అది మారుతుంది. 900 మీటర్ల దూరానికి దాటిపోయే దారి చాలు. రోడ్డు పక్కన 4, 5 మీటర్ల స్థలంలో రెండు మూడు వరుసల పొదలు, వాటి మీద నడిమి ఎత్తు చెట్లు, ఆపైన మీరు నాటిన పెద్ద చెట్లు ఉంటే ఆ పని జరుగుతుందని నేను నమ్ముతున్నాను. సింగపూర్‌లో ప్రకృతి మార్గాలన్న పేరుతో రోడ్ల పక్కన చేస్తున్నది సరిగ్గా ఇదే. అడవిలో ఉన్నట్టు పొదలు, చిన్న చెట్లు, కొమ్మల పందిరి, దాన్ని మించి లేచే మహావృక్షాలు అనే నాలుగు అంతస్తులను రోడ్డు పక్కన తిరిగి నిర్మిస్తున్నారు. అదే దేశంలో 2013లో ఆరు వరుసల రహదారి మీద 62 మీటర్ల పొడవైన వంతెన కట్టి, దాని మీద అడవి మొక్కలు పెంచి, రెండు అభయారణ్యాలను కలిపారు. మీకు వంతెన అవసరం లేదు, నాలుగు అంతస్తుల సూత్రం అవసరం.

దారి కుదిరిందనుకుందాం. అది ఎక్కడికి పోతుందన్న ప్రశ్నను చాలామంది చివరికి వదిలేస్తారు, నా దృష్టిలో అది మొదటిది. 75 నగరాల్లో జరిగిన పరిశీలనలను కలిపి బెనిండే, ఆయన సహచరులు 2015లో చేసిన విశ్లేషణలో జీవవైవిధ్యాన్ని అన్నిటికంటే ఎక్కువగా పెంచినవి రెండు: వనం విస్తీర్ణం, కారిడార్లు. చెట్టూచేమల అమరిక కూడా వాటి తరువాత గట్టిగానే నిలిచింది. ఎక్కువ స్థలం కోరుకునే జాతులు వేగంగా కనుమరుగు కాకుండా ఉండాలంటే 50 హెక్టార్లకు పైబడిన వనాలు కావాలని కూడా వారు చెప్పారు. ఈ అంకె చూసి మీ 12 హెక్టార్లు, 3 హెక్టార్లు దండగ అనుకోవద్దు. చిన్న ముక్కకు దారి మరింత అవసరం. 3 హెక్టార్లలో ఒక జాతికి ఏ రెండు మూడు జంటలకో చోటు ఉంటుంది. ఒక చెడ్డ ఏడు వచ్చి, ఒక పాము గూళ్లన్నీ దోచి, ఒక జంటకు జోడు చనిపోతే అక్కడ ఆ జాతి కథ ముగుస్తుంది. పెద్ద వనంలో మిగులు పుట్టిన పిల్లలు ఆ ఖాళీని మళ్లీ మళ్లీ నింపుతూ ఉంటేనే చిన్న పార్కులో పిట్ట నిలబడుతుంది. అంటే పెద్ద వనంలో మిగులు పుట్టాలి. అక్కడే గూళ్లు చెడిపోతూ ఉంటే మీరు ఎంత మంచి దారి వేసినా దాని మీద నడవడానికి ఎవరూ ఉండరు.

దారి లేకపోతే ఏమవుతుందో శాన్‌డియాగో నగరం చుట్టూ ఉన్న లోయల్లో మైకేల్ సూలే బృందం 1988లో చూపింది. ఇళ్ల మధ్య చిక్కుకుపోయిన 37 లోయ ముక్కల్లో అక్కడి పొద అడవికి పరిమితమైన పిట్టలను లెక్కించారు. విస్తీర్ణం తక్కువైన కొద్దీ, విడిపోయి ఎక్కువ కాలమైన కొద్దీ జాతులు తగ్గిపోయాయి. విచిత్రమేమిటంటే, పక్క లోయ దగ్గరగా ఉందా దూరంగా ఉందా అన్నది ఫలితాన్ని పెద్దగా మార్చలేదు. ఆ పిట్టలు ఇళ్ల మీదుగా దాదాపు కదలలేవు కాబట్టి, చాటు లేనప్పుడు దగ్గరి లోయ కూడా దూరపు లోయ లాంటిదే అయింది. అదే పరిశీలనలో మరో విషయం బయటపడింది. కయోటీ అనే నక్క జాతి జంతువు తిరిగే లోయల్లో పిల్లులు, చిన్న నక్కలు అదుపులో ఉండి పిట్టలు ఎక్కువ మిగిలాయి.

కారిడార్లకు అభ్యంతరం చెప్పినవారు లేకపోలేదు. సింబర్‌లాఫ్, కాక్స్ 1987లోనే వాటి వల్ల రోగాలు, మంటలు, వేటాడే జంతువులు కూడా ప్రయాణిస్తాయని, ఆ డబ్బుతో వేరే భూమి కొనడం మేలు కావచ్చని వాదించారు. 2010లో పాత ప్రయోగాలన్నిటినీ కలిపి చూసినప్పుడు కారిడార్ ఉన్న చోట జీవుల రాకపోకలు సుమారు 50 శాతం పెరిగినట్టు తేలింది, కాని ఆ లాభం ఇతర జీవుల కంటే పక్షుల్లో తక్కువగా కనిపించింది. దీన్ని దాచడం న్యాయం కాదు. పక్షులన్నిటినీ ఒకే గంపలో వేసి సగటు తీసినప్పుడు దూరాలు లెక్కచేయని పిట్టలు ఆ సగటును లాగేస్తాయని నా అభిప్రాయం. మీరు అడుగుతున్నది లెక్కచేసే పిట్టల గురించి.

తిండి సంగతికి వస్తాను. కరోలినా చికడీ జంట ఒక విడత పిల్లలను పెంచి గూడు విడిచే దాకా తేవడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు పట్టి తేవాలి. పెద్దయ్యాక గింజలు తినే పిట్టలు కూడా చాలావరకు పిల్లలకు పురుగులే పెడతాయి. పురుగులు ఏ మొక్క మీదైనా పెరగవు. తరతరాలుగా ఆ ప్రాంతంలో ఉన్న మొక్కల రసాయనాలకు అలవాటుపడిన పురుగులు వాటి మీదే పెరుగుతాయి. డిసైరీ నరాంగో, డగ్లస్ టాలమీ, పీటర్ మారా వాషింగ్టన్ నగర ప్రాంతపు ఇళ్ల తోటల్లో ఈ చికడీలను గమనించి 2018లో ఒక స్పష్టమైన గీత గీశారు. తోటలోని మొక్కల మొత్తంలో 70 శాతానికి పైగా స్థానిక జాతులే ఉన్న చోట మాత్రమే పిట్టల సంఖ్య తగ్గకుండా నిలబడింది. కాబట్టి మీ పొదల వరుసకు నర్సరీలో సులువుగా దొరికే, పురుగు పట్టని, ఏడాదంతా పూసే పరాయి మొక్కలు ఎంచుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. పురుగు పట్టకపోవడాన్ని నర్సరీవారు గొప్పగా చెబుతారు. పిట్టకు అదే లోపం. పెద్ద వనంలో ఏయే పొదలు సహజంగా పెరుగుతున్నాయో చూసి, వాటి గింజలతోనే నారు పోసుకోండి.

దీనితో పాటే రాలిన ఆకుల విషయం. చాలా రకాల గొంగళిపురుగులు చెట్టు దిగి ఎండుటాకుల్లోనో మట్టిలోనో కోశం కట్టుకుంటాయి. రోజూ ఊడ్చి ఆకులు తగలబెడితే మరుసటి తరం సీతాకోకచిలుకలు, చిమ్మటలు, వాటితో పాటు పిట్టల మేత కూడా పోతుంది. పొదల కింది ఆకులను అక్కడే ఉంచమని, పురుగుమందు కొట్టవద్దని, గూళ్లు కట్టే కాలంలో పొదలు కత్తిరించవద్దని నిర్వహణ చూసేవారితో ముందుగానే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. నేను సాయపడిన ఒక చోట మూడేళ్లు పెంచిన పొదల వరుసను, పిట్టలు గూళ్లు కట్టిన వారంలోనే, శుభ్రత పేరుతో నిర్వహణ సిబ్బంది మోకాలి ఎత్తుకు నరికేశారు. వారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పవలసినవారిలో నేనూ ఉన్నాను. అప్పటి నుంచి నాటే రోజు కంటే ముందు నిర్వహణ ఒప్పందం గురించే మాట్లాడుతున్నాను.

దారిని ఉచ్చుగా మార్చే మరో రెండు విషయాలున్నాయి. అమెరికాలో పిల్లులు ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షులను, భవనాల అద్దాలు 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల పక్షులను చంపుతున్నాయని 2013, 2014 సంవత్సరాల్లో వెలువడిన అంచనాలు చెబుతున్నాయి. పిల్లులను ఇంట్లో ఉంచుకోవడం గురించి ఇరుగుపొరుగుతో మాట్లాడడం కష్టమైన పనే, అయినా తప్పదు. అద్దాల విషయం అంతకంటే తేలిక. మీ దారి పక్కన అద్దాల గోడలున్న భవనం ఉంటే, పొదలు అందులో ప్రతిబింబించి పిట్టకు అడవి ముందుకు సాగుతున్నట్టు కనిపిస్తుంది. అద్దం బయటి వైపున 5 సెంటీమీటర్లకు మించని ఎడంతో చుక్కలో గీతలో అంటిస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. అద్దం మీద ఒకటో రెండో డేగ బొమ్మలు అంటించడం వల్ల ప్రయోజనం ఉండదు, వాటి పక్కనున్న ఖాళీ అద్దానికే పిట్ట వెళ్లి తగులుతుంది.

మీ పని ఫలిస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలన్నది మీరు అడగలేదు, కాని ఒక్క మొక్క నాటక ముందే ఇది మొదలుపెట్టాలి. వనంలో, దారి మీద, పార్కులో కలిపి పది పన్నెండు చోట్లు ఖాయం చేసుకుని, సూర్యోదయం తరువాత రెండు మూడు గంటల లోపు ఒక్కో చోట 10 నిమిషాలు నిలబడి, కనిపించిన, వినిపించిన పిట్టలను రాసుకోండి. ప్రతి పిట్టా నేలకు ఎంత ఎత్తులో ఉందో కూడా రాయండి. ఎత్తుల లెక్క చూపిస్తే పొదలు ఎందుకో అధికారులకు వేరే చెప్పనక్కర్లేదు. కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల వారు 2002 నుంచి నడుపుతున్న ఈబర్డ్ అనే ఆన్‌లైన్ పక్షుల లెక్కల జాబితాలో ఈ వివరాలు నమోదు చేస్తే పదేళ్ల తరువాత వచ్చేవారికి కూడా అందుబాటులో ఉంటాయి. దారి మీద పిట్ట కనిపించినంత మాత్రాన కారిడార్ పనిచేసినట్టు కాదు. అది దారిలోనే ఆగిపోయి ఉండవచ్చు. ఈకలు ఇంకా పూర్తిగా రంగు తేరని పిల్ల పిట్టలు సంతాన కాలం ముగిసిన వారాల్లో పార్కులో కనిపించడం మొదటి మంచి గుర్తు. ఆ తరువాతి ఏడు అక్కడ గూడు కడితే రెండోది. పరిశోధకులు చేసినట్టు అరుపుల రికార్డులు వినిపించి పిట్టలను పిలిచే పని మాత్రం మీరు చేయవద్దు. గూళ్ల కాలంలో అది తల్లిదండ్రులను గూడు వదిలి వచ్చేలా చేస్తుంది.

చివరగా గూడు పెట్టెలు. అవి తొర్రల్లో గూడు పెట్టే జాతులకు మాత్రమే పనికివస్తాయి. పొదల్లో, కొమ్మల చీలికల్లో, ఆకులు కుట్టుకుని గూడు కట్టే పిట్టలు పెట్టె వైపు కన్నెత్తి కూడా చూడవు. మీరు పంపిన జాబితాలో ఎక్కువ భాగం పొద పిట్టలే కాబట్టి వాటికి పొదే పెట్టె. తొర్రల పిట్టలు కూడా ఉన్నాయంటున్నారు కనుక, పార్కులో పాత తొర్ర చెట్లు లేకపోతే కొన్ని పెట్టెలు కట్టండి. రంధ్రం కొలతలో తేడా రానివ్వకండి. బ్రిటన్‌లో బ్లూ టిట్‌కు 25 మిల్లీమీటర్లు, గ్రేట్ టిట్‌కు 28, ఊరపిచ్చుకకు 32 మిల్లీమీటర్లు సూచిస్తారు. మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరిగితే లోపలికి దూరే పిట్టే మారిపోతుందన్నమాట. మీ పిట్టల ఒంటి కొలతకు సరిపోయేంత మాత్రమే రంధ్రం పెట్టి, పెట్టెలను దట్టమైన పొదకు దగ్గరగా, పిల్లి ఎక్కలేని నున్నటి స్తంభానికి బిగించండి. ఇప్పుడే కాదు, పొదలు మీ తల ఎత్తుకు పెరిగిన ఏడు. ఈ లోగా పెడితే, రంధ్రం పెద్దదైన వాటిలో మొదట స్థిరపడేవి గోరింకలే, ఆ తరువాత వాటిని ఖాళీ చేయించడం మీ వల్ల కాదు.